ఒడీలియా బోర్బా చివరి రెండు గంటలు

నవంబరు ముప్పయ్యో తేదీ ఉదయం ఒడీలియా బోర్బా వేసుకున్న పథకంలో ఎక్కడా తిరకాసు లేదు. తొమ్మిదింటికి యూనివర్సిటీవారి మాటల చికిత్స క్లినిక్కుకు వెళ్లాలి. రెండు గంటలు నోరు మూసుకుని కూర్చోవాలి. కాగితం మీద సంతకం పెట్టించుకుని, పదకొండున్నరకల్లా ఇంటికొచ్చి, ఆ కాగితం దరఖాస్తుకు జతచేసి పంపించాలి. గడువు సాయంత్రం ఐదింటికి. మధ్యలో నాన్నకు సూపు వెచ్చబెట్టి పెట్టడానికి కూడా తీరిక ఉంది.

ఈ పథకంలో ఒక్క ముక్క దగ్గర మాత్రం ఆమె భర్త జెర్మానోకు అనుమానం వచ్చింది. అతను పాల ట్యాంకరు నడుపుతాడు. బూట్లు తొడుక్కుంటూ ఆగిపోయాడు.

"నోరు మూసుకునా? రెండు గంటలా?"

"ఇరవై మూడు గంటలు మూసుకున్నాను ఇప్పటికే. ఇదుగో, సంతకాలతో సహా ఉంది."

"ఆ కాగితం ఇంట్లో చెల్లదా?" అని, ఆమె చేతికి ఏదైనా దొరికేలోగా జెర్మానో బయటపడ్డాడు.

ఒడీలియాకు నలభై ఒకటి. పన్నెండేళ్లుగా బళ్లో పిల్లలకు మధ్యాహ్న భోజనం వడ్డిస్తోంది. ఏడేళ్ల కిందట ఆమె తండ్రి అవెలీనో పాలు పితికే కొట్టంలోనే పక్షవాతం వచ్చి పడిపోయాడు. ప్రాణం దక్కింది గానీ మాట పోయింది. పోతూపోతూ ఒక్క మాటను మాత్రం మిగిల్చి పోయింది: "రేపు". ఎక్కడ నొప్పి అంటే రేపు. ఆకలేస్తోందా అంటే రేపు. నేనెవరు నాన్నా అని కూతురు ఏడుస్తూ అడిగితే, ఆయనా ఏడుస్తూ రేపు అనేవాడు. అప్పుడు వారానికి రెండుసార్లు ఒకావిడ ఇంటికొచ్చి, ఆయన ఎదురుగా కూర్చుని, నూతిలో పడ్డ చెంబుల్ని పాతాళభేదితో తీసినట్టు ఒక్కొక్క మాటనీ పైకి లాగింది. ఎనిమిది నెలలకు ఆయన "ఒడీలియా" అన్నాడు. ఆ రోజు ఒడీలియా వంటింట్లో నేల మీద కూలబడి, నేను చేస్తే ఈ పనే చేస్తాను అనుకుంది. మిగిలిన మాటలు కూడా తరవాత వరసగా వచ్చేశాయి. ఇప్పుడు అవెలీనో మాటను ఆపడానికి ఎవరినైనా పిలవాలి.

ఆ పని చేయాలంటే మాట, వినికిడి లోపాల చికిత్సలో డిగ్రీ ఉండాలి. దారి చెప్పినంతసేపు సులువుగానే ఉంటుంది: ముందు ఊళ్లో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు, అక్కణ్ణుంచి యూనివర్సిటీలో మూడో ఏడులోకి. ఒడీలియాకు ఆ రెండేళ్లూ ఆరేళ్లు పట్టాయి. పోయినేటి జాబితాలో ఉన్న క్లాసు ఈ ఏటి జాబితాలో ఉండదు. ఒక కాలేజీలో పాసైనది పక్క కాలేజీలో లెక్కకు రాదు. దేనికైనా ఒక ఫారం నింపాలి, ఆ ఫారం ఎందుకు నింపలేదో చెప్పడానికి ఇంకొకటి. ఆరేళ్లలో ఆమెకు ఫారం పైన రాసి ఉన్న పేరు చదివే అలవాటే పోయింది. ఖాళీ గీత కనిపిస్తే చెయ్యి దానంతటదే రాసేస్తుంది.

ఇప్పటికి అన్నీ కుదిరి ఇరవై అయిదు పరిశీలన గంటల దగ్గరికొచ్చింది. చికిత్స జరుగుతుంటే పక్కన కూర్చుని చూడాలి, అంతే. ఇరవై మూడు తను పనిచేసే బళ్లోనే, పిల్లల గదిలో మూల కుర్చీలో కూర్చుని పూర్తి చేసింది. చివరి రెండూ పెద్దవాళ్లకు చికిత్స చేసేచోట అయి ఉండాలి. అందుకే ఈ క్లినిక్కు.

"ఈ గడువు దాటితే దరఖాస్తులు మళ్లీ ఏడాదికి గానీ తీసుకోరు ఒడీలియా గారూ," అని కాలేజీ కౌన్సెలరు షోవా మువా ముందురోజే హెచ్చరించింది. "అక్కడ మీరు గోడతో సమానం. ఎవరు పలకరించినా పలక్కండి. పోయినేడు మన కుర్రాణ్ణి 'బాగున్నావా' అన్నారట. 'బాగున్నా' అన్నాడు. గంటలు రద్దు."

"పలకరించింది వాళ్లే కదండీ?"

"పరీక్షించడానికి పలకరిస్తారు. నేనైతే దగ్గు కూడా ఆపుకుంటాను."

కాబట్టి ఒడీలియా ఎందుకైనా మంచిదని క్లినిక్కు గుమ్మం దగ్గర్నుంచే నోరు కట్టేసుకుంది. బల్ల వెనక కూర్చున్నావిడ ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ ఫారాల వైపు వేలు చూపించింది. అక్కడ రెండు దొంతర్లున్నాయి. ఏది తనది అని అడగాలంటే నోరు తెరవాలి. ఒడీలియా దగ్గర్లో ఉన్న దొంతరలోంచి ఒకటి తీసుకుంది. పేరు, పుట్టిన తేదీ, అవసరమైతే ఎవరికి ఫోను చేయాలి. అన్నీ మామూలే. మీ ఇంట్లో ఎవరికైనా మాట పోయిందా? నాన్నకు, అని రాసింది. ఎంతకాలంగా ప్రయత్నిస్తున్నారు? ఆరేళ్లు. ఇదివరకు ఎక్కడికి వెళ్లారు? రెండు చోట్లకు, ఒకచోట చేసింది ఇంకోచోట పనికిరాలేదు. ఇక్కడ ఏం ఆశిస్తున్నారు? ఈ ప్రశ్న ఆమెకు బాగా నచ్చింది. అక్షరాలు గుండ్రంగా రాసింది: "నాకు వయసు మీరిపోతోంది. ఇదే చివరి ప్రయత్నం. ఎలాగైనా సాధించాలి."

ఆ ఫారం చేతిలో పట్టుకుని లోపల్నుంచి వచ్చిన అమ్మాయి కళ్లు చెమ్మగిల్లాయి. పేరు తలీన్ కెవోర్కియన్. చికిత్స నేర్చుకుంటున్న విద్యార్థిని. తొమ్మిదింటికి ఒక కొత్త పేషెంటు రావాలని ఆమెకు తెలుసు. ఆ పేషెంటుకు జలుబు చేసిందని, రావడం లేదని ఇంట్లోవాళ్లు బల్ల వెనకావిడకు ఫోనులో చెబుతున్నది ఆ క్షణంలోనే. అది తలీన్‌కి తెలియదు. ఆమెకు తెలిసిందల్లా, ఈ టర్ము అయ్యేలోగా పెద్దవాళ్లకు చికిత్స చేసిన గంటలు ఇంకో ఒకటిన్నర చూపించకపోతే, తన చదువు వేసవి దాకా సాగుతుందన్నది.

"రండి ఒడీలియా గారూ. ఏం భయం లేదు. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ తొందరపెట్టరు."

ఒడీలియా తలూపి వెళ్లింది. గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడంత అద్దం. పరిశీలకులు అద్దం గుండా చూస్తారని విని ఉంది. అద్దంలోకి కళ్లు చికిలించి చూసింది. తన మొహమే కనిపించింది. పేషెంటు ఇంకా రాలేదు కాబోలు, వచ్చాక అవతల దీపం వేస్తారు కాబోలు అనుకుని, చేతులు కట్టుకుని కూర్చుంది. అద్దం అవతల చీకట్లో ఎనిమిది మంది విద్యార్థులు, వాళ్లకు పాఠం చెప్పే డాక్టర్ హాకెట్ కాగితాలు, పెన్నులు పట్టుకుని ఆమెనే చూస్తున్నారు.

తలీన్ ఎదురుగా కూర్చుంది. "మీ పేరు చెప్తారా?"

ఓహో, మొదలైంది పరీక్ష, అనుకుంది ఒడీలియా. పెదాలు బిగించింది.

"పోనీ, పొద్దున ఏం తిన్నారు?"

తీపి రొట్టె, పంది సాసేజి, రెండు కప్పుల కాఫీ. గొంతు దాకా వచ్చిన మెనూని ఒడీలియా మింగేసింది.

తలీన్ బొమ్మల కార్డులు తీసింది. ఆవు. "ఇదేంటి?" ఒడీలియా పుట్టింది ఆవుల మధ్య. అది హోల్‌స్టీన్ ఆవనీ, బొమ్మ గీసినవాడికి పొదుగు ఎక్కడుంటుందో తెలియదనీ చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. చెప్పలేదు. తలీన్ "అంబా" అని అరిచి చూపించింది. పాట పాడింది, చివరి మాట ఆమెకు వదిలిపెట్టింది. ఆ మాట గాల్లో వేలాడుతూ ఉండిపోయింది. వెనక్కి వెళ్లి చిన్న గంట వాయిస్తే ఒడీలియా తిరిగి చూసింది. నాలుక బయటికి, పైకి, పక్కకి అంటే, మాట్లాడటం కాదు కదా అని అన్నీ చక్కగా చేసింది. తలీన్ బుర్ర గోక్కుంది. చెవి బాగుంది. నాలుక దివ్యంగా ఉంది. మాట మాత్రం లేదు.

ఎంత గట్టి పరీక్షో, అనుకుంది ఒడీలియా. ఒక మామూలు పరిశీలకురాలి కోసం ఈ పిల్ల పాపం గొంతు పోగొట్టుకుంటోంది. యూనివర్సిటీ అంటే యూనివర్సిటీయే.

అరగంట గడిచాక తలీన్ కాగితం, పెన్ను ముందుకు తోసింది. "చెప్పలేకపోతే రాయండి. మనసులో ఏముందో."

రాయడం గురించి మువా గారు ఏమీ అనలేదు. అయినా ఒడీలియా జాగ్రత్తగా ఒక్క వాక్యమే రాసింది: "నేను నియమం తప్పను."

తలీన్ ఆ కాగితం రెండుసార్లు చదివింది. గొంతు తగ్గించి, "ఎవరు పెట్టారండీ మీకు ఈ నియమం?" అని అడిగింది.

తనను పరీక్షిస్తున్నవాళ్లు అవతలే ఉండి ఉంటారనుకుని ఒడీలియా అద్దం వైపు వేలు చూపించింది. తలీన్ తిరిగి చూసింది. అద్దంలో ఒడీలియా తనకేసి తనే వేలు చూపించుకుంటోంది.

అద్దం వెనక ఎనిమిది పెన్నులు ఒక్కసారిగా కదిలాయి. డాక్టర్ హాకెట్ కళ్లజోడు తీసి తుడుచుకుని, "ముప్పై ఏళ్లలో ఇలాంటి కేసు చూడలేదు," అంది. "ఇంట్లోవాళ్లకు ఫోన్ చెయ్యండి."

ఫోను వెళ్లేసరికి జెర్మానో పాలు నింపుకుని, మామగారిని చూసిపోదామని ఇంటి దగ్గర ఆగి ఉన్నాడు.

"మీ ఆవిడ నలభై నిమిషాలుగా ఒక్క మాట కూడా మాట్లాడలేదండీ."

"మీరు పట్టుకున్నది ఇంకెవరినో. సరిగ్గా చూడండి."

"ఒడీలియా బోర్బా గారే. పేరు ఆవిడే రాశారు."

"ఏమడిగినా పలకట్లేదా? ఆఖరికి తిట్టట్లేదా?"

"లేదండీ. ఊరికే నవ్వుతున్నారు."

జెర్మానో ఫోను చెవికి ఆనించుకునే, "మామయ్యా, ఎక్కండి," అన్నాడు. అవెలీనో చెప్పులతోనే ట్యాంకరు ఎక్కాడు. మామూలుగా ఆ దారిలో ఎదురైన ప్రతి డెయిరీ గురించీ చెప్పే మనిషి ఆ పాతిక నిమిషాలూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆరువేల గ్యాలన్ల పాలతో ట్యాంకరు వచ్చి క్లినిక్కు ముందు అడ్డంగా ఆగింది. డాక్టర్ హాకెట్ కారు దాని వెనక ఎక్కడో ఉండిపోయింది.

తలుపు తెరుచుకునేసరికి ఒడీలియా బుడగ ఊదుతోంది. పెదాల బలం కోసం తలీన్ ఇచ్చింది. భర్తనూ తండ్రినీ చూసి బుడగ వదిలేసింది. అది గది చుట్టూ తిరిగి ఎక్కడో పడింది. వీళ్లను కూడా తెచ్చారంటే పరీక్ష ఏ స్థాయికి వెళ్లిందో ఆమెకు అర్థం కాలేదు. ఇంక యాభై నిమిషాలు ఓర్చుకుంటే చాలు అనుకుంది.

"ఒడీ, నన్ను గుర్తుపట్టావా?" అన్నాడు జెర్మానో. ఆమె తలూపింది. "పెళ్లిరోజు ఎప్పుడో చెప్పు." పంతొమ్మిదేళ్లుగా తను అడిగితే చెప్పలేని మనిషి ఇప్పుడు అడుగుతున్నాడు. ఆమె పళ్లు కొరుక్కుంది. "చూశారా, దవడ బిగుసుకుపోయింది," అని జెర్మానో తలీన్‌తో అన్నాడు.

అవెలీనో మాత్రం ఏమీ అడగలేదు. చిన్న కుర్చీ లాక్కుని కూతురి ముందు కూర్చుని, ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. పెద్ద, గరుకు చేతులు.

"తల్లీ, కంగారుపడకు. లోపల అన్నీ ఉంటాయి. బయటికి దారే దొరకదు. నాకు తెలుసు. నువ్వు నాకు పొద్దున్నే స్పూనుతో తాగిస్తూ మాట్లాడేదానివి, నేను అన్నీ వింటూనే ఉండేవాణ్ణి. ఇప్పుడు నేను మాట్లాడతా, నువ్వు విను. ఎన్నాళ్లయినా సరే." ఆయన కళ్లలోంచి నీళ్లు కారాయి, నోట్లో పాత మాటొక్కటే మిగిలింది. "రేపు," అన్నాడు. "రేపు వస్తుంది. రేపు."

ఆరేళ్ల చదువు, పోయినేటి జాబితాలు, ఈ ఏటి జాబితాలు, ఇరవై మూడు గంటల సంతకాలు, అన్నీ ఒడీలియా కళ్ల ముందు కదిలాయి. ఆ మాట మళ్లీ నాన్న నోట వినడం కంటే ఏడాది ఆగడం నయం అనిపించింది.

"నాన్నా, ఏడవకు. నాకేం కాలేదు. నేను మాట్లాడితే నా గంటలు పోతాయని ఊరుకున్నాను, అంతే. అసలు మీ ఇద్దరినీ ఎవరు రమ్మన్నారు? ఆ ట్యాంకరు చప్పుడు మనదేనా? పాలు వదిలేసి వచ్చారా? ఆ చెప్పులేంటి నాన్నా, చలిలో?"

గోడ అవతల్నుంచి చప్పట్లు మోగాయి. తలీన్ రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చేసింది. ఆమె చికిత్సలో ఇంత త్వరగా, ఇన్ని మాటలు ఇదివరకెప్పుడూ రాలేదు.

తరవాత పావుగంట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. డాక్టర్ హాకెట్ వచ్చి ఇది అద్భుతం అంది. ఒడీలియా తన పరిశీలన కాగితం తీసి సంతకం అడిగింది. దేనికి అంది డాక్టరు. రెండు గంటలకు అంది ఒడీలియా. పొద్దున ఆమె నింపిన ఫారం తెచ్చారు. పైన "కొత్త పేషెంటు వివరాలు" అని వేలెడంత అక్షరాల్లో ఉంది. ఒడీలియా ఆ అక్షరాలను ఆ రోజు మొదటిసారి చదివింది.

"సారీ అమ్మా. నేను సంతకం పెట్టలేను," అంది డాక్టర్ హాకెట్. "మీరు దేన్నీ పరిశీలించలేదు. మేమే మిమ్మల్ని పరిశీలించాం. నా పిల్లలు ఎనిమిది మందికీ గంటలొచ్చాయి."

"మరి నా గంటలు?" అంది తలీన్.

"ఈవిడకు జబ్బు లేదు. లేని జబ్బుకు చికిత్స లెక్కలోకి రాదు."

తలీన్, ఒడీలియా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. "ఆ ఆవు బొమ్మలో పొదుగు తప్పుగా వేశారమ్మా," అంది ఒడీలియా, ఇక దాచుకోవాల్సిన పని లేదు కాబట్టి. తలీన్ ఏడుపులోనే నవ్వింది.

"మీకు కావాల్సింది పేషెంటే కదా," అన్నాడు అవెలీనో. "నేనున్నా. నాకు పక్షవాతం వచ్చింది, మాట పోయింది, కాగితాలున్నాయి. నాకు ఇప్పటికీ 'ట్రాక్టరు' అనే మాట సరిగ్గా రాదు."

"వచ్చింది కదండీ ఇప్పుడు," అంది డాక్టర్ హాకెట్.

"ఒక్కోసారి వస్తుంది. అదే జబ్బు."

డాక్టర్ హాకెట్ ఆయన్ని, గోడ గడియారాన్ని, కిటికీలోంచి కనిపిస్తున్న ట్యాంకరును చూసింది. తన కారు ఎలాగూ కదలదు. "సరే, కూర్చోండి. ఒడీలియా గారూ, మీరు ఈసారి అద్దానికి అటు పక్క. మీ నాన్నగారే అయినా సరే, మాట్లాడినా, అద్దం తట్టినా సంతకం లేదు."

ఒడీలియా తండ్రి ఫారం నింపింది, పై నుంచి కింది దాకా ప్రతి అక్షరం చదువుతూ. చీకటిగదిలో కుర్చీలో కూర్చుంది. పాలు మధ్యాహ్నం దాకా చల్లగానే ఉంటాయని జెర్మానో కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మీ కుటుంబం గురించి చెప్పండి," అంది తలీన్.

అడగడమే ఆలస్యం. అవెలీనో తన తాత పుట్టిన దీవి వదిలి పడవెక్కిన దగ్గర మొదలుపెట్టాడు. పది నిమిషాల్లో కూతురి పుట్టుకకు వచ్చాడు. ఇరవై నిమిషాల్లో ఆమె పెళ్లికి.

"తమాషా ఏంటంటే, దానికి నచ్చింది ఈ అల్లుడు కాదు. పండగ ఊరేగింపులో బ్యాండుమేళంలో బాకా ఊదేవాళ్లు ఇద్దరుండేవాళ్లు. ఎడమ చివరవాడితో మాట్లాడాలని ఇది కబురు పెట్టింది. కబురు మోసిన మా మరదలికి కుడీ ఎడమా తెలీదు. కుడి చివరవాడు వచ్చాడు. వాడే జెర్మానో."

చీకట్లో జెర్మానో నెమ్మదిగా భార్య వైపు తిరిగాడు.

"నిజమేనా?"

ఒడీలియా అద్దంలోకే చూస్తూ "పేషెంటు పొడవైన వాక్యాలు పలుకుతున్నాడు" అని రాసుకుంది.

"ఒడీ. ఎడమ చివర ఊదింది ఆ లూసిందో గాడు కదూ?"

డాక్టర్ హాకెట్ వేలు పెదాల మీద పెట్టింది. రెండు గంటలు నిండడానికి ఇంకా గంటా ముప్పై అయిదు నిమిషాల మౌనం ఉంది. జెర్మానో గుసగుసగా, "తలూపు చాలు," అన్నాడు. ఒడీలియా తల కూడా కదపలేదు. లోపల అవెలీనో లూసిందో కుటుంబంలో ఎవరెవరు ఏ ఏ పనుల్లో స్థిరపడ్డారో, ఎవరికెన్ని ఆవులున్నాయో తలీన్‌కు వివరంగా చెబుతున్నాడు. 'ట్రాక్టరు' అనే మాట పద్నాలుగుసార్లు వచ్చింది. ఆ రెండు గంటలు ఒడీలియా జీవితంలో అన్నిటికంటే పొడవైనవి. ఇరవై మూడూ కలిపినా ఇంత లేవు.

ఒంటిగంటకు డాక్టర్ హాకెట్ రెండు కాగితాల మీద సంతకాలు చేసింది. తలీన్ ఒడీలియాను కౌగిలించుకుంది. జెర్మానో ఎవరినీ కౌగిలించుకోలేదు. ట్యాంకరులో మామగారిని కిటికీ వైపు కూర్చోబెట్టి, ఇంజను స్టార్టు చేయకుండా ఆగాడు.

"ఇప్పుడు చెప్పు."

"నిజమే," అంది ఒడీలియా. "ఆ రోజే చెప్దామనుకున్నాను. నువ్వు బాకా చంకలో పెట్టుకుని, చెవులు ఎర్రబడి, అంత సంతోషంగా వచ్చావు. నోరు రాలేదు. తరవాత చెప్పాల్సిన అవసరం కనిపించలేదు. పదిహేను రోజులకే ఎడమ చివర ఎవరున్నారో కూడా చూడటం మానేశాను."

జెర్మానో ఇంజను స్టార్టు చేశాడు. "నేనే బాగా ఊదేవాణ్ణి," అన్నాడు.

"ఆ మాట మాత్రం అనకు," అన్నాడు కిటికీ పక్కనుంచి అవెలీనో.

ఒడీలియా దరఖాస్తు మూడున్నరకు వెళ్లింది. మార్చిలో ఉత్తరం వచ్చింది. ముగ్గురూ వంటింట్లో నిలబడి చదివారు. మూడో ఏడులో సీటు ఇచ్చారు. అవెలీనో పైకే ఏడ్చాడు, జెర్మానో అవతలికి తిరిగి ఏడ్చాడు. ఒడీలియా మాత్రం ఉత్తరం పై నుంచి కింది దాకా చదివింది. కమ్యూనిటీ కాలేజీలో ఆమె చదివినవన్నీ లెక్కలోకి తీసుకున్నారు, ఒక్కటి తప్ప. అభ్యర్థికి నలుగురిలో నోరు తెరిచి మాట్లాడటం వచ్చునని రుజువు కాలేదు కాబట్టి, ఆ వక్తృత్వపు క్లాసు మళ్లీ చదవాలట.